కషాయం ‘టీ’గా మారిన వేళ: అడవి మూలికల సేకరణలో పొంచి ఉన్న ప్రమాదాలు

తొలకరి వానలకు చేలగట్లు, చెరువుకట్టలు పచ్చబడగానే పల్లెల్లో ఆకు ఏరే పని మొదలవుతుంది. వేపచెట్టు మీదికి పాకిన తిప్పతీగ, బీడు భూముల్లో పసుపుపచ్చగా విరబూసే తంగేడు, గట్ల వెంబడి మొలిచే నేలవేము తెలుగు ప్రాంతాల వారికి కొత్తవి కావు. కొత్తదనమంతా వాటిని ఏరుతున్న వారిలోనే ఉంది. 2020లో కోవిడ్ మహమ్మారి ప్రబలిన నాటి నుంచి రోగనిరోధక శక్తి పేరిట మూలికల వాడకం ఇంటింటా పెరిగిన సంగతి విదితమే. నిన్నమొన్నటి వరకు ఇంటి పెద్దలో, ఊరి వైద్యుడో ఏరి తెచ్చిన ఆకును నేడు ఉదయపు నడకకు వెళ్లిన పట్టణవాసి సెల్‌ఫోన్‌లోని బొమ్మతో పోల్చి కోసుకొస్తున్నాడు. ఆ ఆకునే మరిగించి ‘హెర్బల్ టీ’ పేరిట రోజూ తాగుతున్నాడు.

ఇందులో రెండు మార్పులు ఒకేసారి చోటుచేసుకున్నాయి. మొక్కను గుర్తుపట్టగల మనిషి తప్పుకున్నాడు. మోతాదు కూడా తప్పుకుంది. కషాయం మన సంప్రదాయంలో ఔషధం. ఆయుర్వేద గ్రంథాలు మూలిక ఒక పాలు, నీరు పదహారు పాళ్లు పోసి ఎనిమిదో వంతుకు దిగే వరకు మరిగించాలంటూ కొలత చెప్పాయి. వైద్యుడు ఇన్ని పూటలు, ఇన్ని రోజులు అని కూడా చెప్పేవాడు. జ్వరం తగ్గగానే కషాయం ఆగిపోయేది. టీకి అటువంటి హద్దు లేదు. అలవాటుగా మారిన పానీయాన్ని నెలల తరబడి తాగుతారు. అతిథికి ఇస్తారు, పిల్లలకూ పోస్తారు. నేడు వైద్యుల ముందుకు వస్తున్న సమస్యల్లో అధికభాగం ఈ తేడాను గమనించకపోవడం వల్ల తలెత్తుతున్నవే.

పేరు ఒకటి, మొక్కలు రెండు

మూలికల విషయంలో మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. సరస్వతి ఆకును కొందరు బ్రాహ్మి అంటారు. నీటి చెమ్మలో పెరిగే సంబరేణు మొక్కనూ బ్రాహ్మి అనే పిలుస్తారు. ఇవి రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందిన మొక్కలు. గలిజేరు అనే పేరు ఒక్కోచోట ఒక్కో మొక్కకు చెల్లుతోంది. జిల్లా దాటితే పేరు మారుతుంది. ఒక్కోసారి పేరు అలాగే ఉండి మొక్క మారిపోతుంది. కనుక ‘ఫలానా ఆకు మంచిదట’ అన్న మాట ఒక ఊరి నుంచి మరో ఊరికి చేరేసరికి వేరే ఆకును గురించిన మాటగా మారే అవకాశం లేకపోలేదు.

తిప్పతీగ ఉదంతం ఈ సందర్భంలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 2020 సెప్టెంబరు, డిసెంబరు నెలల మధ్య ముంబయిలో కాలేయం దెబ్బతిని ఆస్పత్రికి వచ్చిన ఆరుగురు రోగులు అంతకుముందు తిప్పతీగ వాడినవారేనని వైద్యులు గుర్తించి, 2021లో ఆ వివరాలు ప్రచురించారు. తదుపరి దేశంలోని 13 వైద్య కేంద్రాల నుంచి 43 మంది రోగుల వివరాలతో మరో అధ్యయనం 2022లో వెలువడింది. తీగ వాడడం మొదలుపెట్టిన నాటి నుంచి లక్షణాలు బయటపడడానికి పట్టిన మధ్యస్థ వ్యవధి 46 రోజులని అందులో పేర్కొన్నారు. అంటే నెలన్నర పాటు ఏ తేడా లేకుండా తాగినవారే ఆ తర్వాత కళ్లు పచ్చబడి ఆస్పత్రి మెట్లెక్కారు.

ఈ అంశంపై కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ భిన్నమైన అభిప్రాయం వ్యక్తం చేసింది. అసలైన తిప్పతీగ, అనగా టినోస్పోరా కార్డిఫోలియా సురక్షితమైనదేనని, దానిని పోలి ఉండే టినోస్పోరా క్రిస్పా అనే మరో తీగతో పొరబడే ప్రమాదమున్నదని వివరిస్తూ 2022 ఫిబ్రవరిలో రెండింటి మధ్య తేడాలను ప్రకటించింది. ఆ వివరణ ప్రకారం అసలు తిప్పతీగ కాండం ఆకుపచ్చగా ఉంటుంది. దానిపై బుడిపెలు ఉండవు. తుంచితే పాలు కారవు. పండ్లు గోళీల వలె గుండ్రంగా, ఎర్రగా ఉంటాయి. క్రిస్పా కాండం బూడిద రంగులో ఉండి చిన్న చిన్న బుడిపెలతో నిండి ఉంటుంది. తుంచితే పాలు వస్తాయి. పండ్లు కోలగా, నారింజ రంగులో ఉంటాయి. అయితే 2022 నాటి అధ్యయనంలో రోగులు వాడిన నమూనాలను పరీక్షించినప్పుడు అసలు తిప్పతీగే ఉన్నట్లు తేలిందని వైద్యులు నమోదు చేశారు. ఆ రోగుల్లో చాలామందికి శరీరం తన కాలేయంపై తానే దాడి చేసుకునే తత్వపు లక్షణాలు కనిపించాయి.

వాదం ఎటు తేలినా సామాన్యుడు గ్రహించవలసిన విషయం మారదు. పొరపాటున వేరే తీగ తెచ్చుకుంటే ఒక ప్రమాదం. సరైన తీగనే తెచ్చుకున్నా, ముందే కాలేయ వ్యాధి గాని, థైరాయిడ్ వంటి సమస్య గాని ఉన్నవారికి అది మరో ప్రమాదం. రోగనిరోధక శక్తిని పెంచే గుణం అందరికీ మేలు చేయాలని నియమం లేదు.

తంగేడు పక్కనే కసివింద

తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు పూలను ఎండబెట్టి టీగా కాచుకునే అలవాటు ఇటీవల బాగా విస్తరించింది. మధుమేహులు దీనిపై మక్కువ చూపుతున్నారు. తంగేడు పెరిగే బీళ్లలోనే దాని దాయాది కసివింద కూడా పెరుగుతుంది. రెండింటికీ పసుపు పూలే. రెండింటి ఆకులూ రెమ్మకు ఇరువైపులా జతలుగా అమరినవే. తంగేడు రెమ్మకు చిన్నవి, కొన మొద్దుబారినవి అయిన ఆకులు ఎనిమిది మొదలు పన్నెండు జతల వరకు ఉంటాయి. రెమ్మ మొదట్లో మూత్రపిండం ఆకారంలో వెడల్పాటి చిన్న పత్రాలు అతుక్కుని కనిపిస్తాయి. కాయ పలుచగా, కాగితం వలె ఉంటుంది. కసివింద ఆకులు పెద్దవి, మొనదేలినవి. నలిపితే వెగటు వాసన వేస్తాయి. కాయ సన్నగా కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది.

కసివింద గింజలను వేయించి కాఫీకి బదులుగా వాడే అలవాటు కొన్ని దేశాల్లో ఉంది. ఆ కారణంగా దీనిని నిరపాయకరమైన మొక్కగా భావించేవారున్నారు. వాస్తవం వేరు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చలికాలం ముందు పసిపిల్లలను బలిగొంటూ వచ్చిన అంతుపట్టని వ్యాధికి ఈ మొక్క గింజలే కారణమని 2000 దశకంలో శిశువైద్య నిపుణులు తేల్చారు. గింజలు తిన్న పిల్లల్లో కాలేయం, కండరాలు, మెదడు ఒకేసారి దెబ్బతిన్నాయి. మెదడువాపుగా పొరబడిన ఆ వ్యాధి అడవి చిక్కుడు వంటి కాయ వల్ల వచ్చినదని తెలిసే వరకు ఎన్నో ఏళ్లు గడిచాయి.

తెలుగు నేలకు ఆనుకునే మరో ఉదంతం ఉంది. ఆంధ్రప్రదేశ్ సరిహద్దును తాకే ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో 2016 చివరి నెలల్లో వంద మందికి పైగా చిన్నారులు మరణించారు. మొదట అన్నింటినీ జపనీస్ మెదడువాపు మరణాలుగా భావించారు. వ్యాధి సూక్ష్మజీవుల శాస్త్రవేత్త డాక్టర్ టి. జాకబ్ జాన్ నేతృత్వంలోని నిపుణులు పరిశీలించి, జపనీస్ మెదడువాపు కేసులతో పాటు, అక్కడివారు ‘బణ చాకుండ’ అని పిలిచే కసివింద గింజలు తినడం వల్ల వచ్చిన మరణాలు కూడా ఉన్నాయని నిర్ధారించారు. ఆ మొక్కకు మన మన్యంలోనూ కొదవ లేదు. సరిహద్దు గీత మనుషులు గీసుకున్నదే గాని మొక్కలకు తెలియదు. ఏజెన్సీ మండలాల వైద్యాధికారులు, అంగన్‌వాడీ సిబ్బంది కసివిందను చూపిస్తే గుర్తుపట్టగలగడం ఎంతైనా అవసరం.

పత్రిలో ఉన్నదల్లా పానీయం కాదు

వినాయక చవితి నాడు పూజించే ఇరవై ఒక్క పత్రుల్లో తులసి, మాచిపత్రి, మారేడు, ఉత్తరేణి ఉన్నాయి. అదే పళ్లెంలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. పూజలో స్థానం పొందిన ఆకు కనుక లోపలికి తీసుకున్నా మంచిదేనన్న భావన కొందరిలో బలంగా నాటుకుంది. పెద్దలు పూజించడానికి, తినడానికి మధ్య గీత గీసే ఉంచారు. పళ్లెంలో పెట్టిన ప్రతి ఆకునూ వారు నోట పెట్టుకోలేదు. గన్నేరులో గుండె లయను దెబ్బతీసే గ్లైకోసైడ్లు ఉంటాయి. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపొలమిన్ అనే విషపదార్థాలు ఆకు, పువ్వు, గింజ అన్నింటా వ్యాపించి ఉంటాయి.

చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో 2020 ఏప్రిల్‌లో జరిగిన సంఘటన ఇందుకు నిదర్శనం. ఉమ్మెత్త గింజలు కరోనాను దరిచేరనీయవంటూ నాటి టిక్‌టాక్‌లో చక్కర్లు కొట్టిన ఒక వీడియోను నమ్మి, రెండు కుటుంబాలకు చెందిన పదిమందికి పైగా ఆ రసాన్ని తాగి అస్వస్థతకు గురయ్యారు. వారిలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. సకాలంలో ఆస్పత్రికి తరలించడంతో ముప్పు తప్పింది. ఆ కుటుంబాలకు ఉమ్మెత్త తెలియని మొక్క కాదు. తరతరాలుగా విషమని తెలిసిన కాయ ఒక్క వీడియోతో మందుగా మారిపోయింది.

ఉమ్మెత్త విషం ఎక్కినవారికి నోరు పిడచకట్టుకుపోతుంది. కంటిపాపలు పెద్దవవుతాయి, చర్మం ఎర్రబడి వేడెక్కుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు, లేనివి ఉన్నట్లు చూస్తాడు, మూత్రం బిగుసుకుపోతుంది. పల్లెల్లో ఈ లక్షణాలను గాలి సోకిందనో, పిచ్చి పట్టిందనో భావించి భూతవైద్యుని వద్దకు తీసుకుపోయి విలువైన గంటలు పోగొట్టుకున్న ఘటనలు వైద్యులకు సుపరిచితమే.

మరిగిస్తే విషం పోదు

బాగా మరిగిస్తే ఎంతటి దోషమైనా పోతుందన్నది మరో బలమైన నమ్మకం. మరిగించడం వల్ల సూక్ష్మజీవులు నశిస్తాయి. మొక్కలోని విష రసాయనాల సంగతి వేరు. గన్నేరులోని గ్లైకోసైడ్లు ఎండబెట్టినా, మరిగించినా విషప్రభావం కోల్పోవు. పైగా చెంబెడు నీరు గ్లాసుకు దిగే వరకు కాచినప్పుడు ఆకులోని సారం నీటిలోకి దిగి చిక్కబడుతుంది. ఒక ఆకు నమిలి చేదుకు ఉమ్మేసేవాడు, పది ఆకులు మరిగించి బెల్లం కలిపి అదే విషాన్ని తెలియకుండా తాగేస్తాడు. చేదు ప్రకృతి చేసే హెచ్చరిక. టీలో కలిపే తీపి దానిని కప్పిపుచ్చుతుంది.

వెంటనే వాంతులు, విరేచనాలు కలిగించే మొక్కల కంటే నిదానంగా దెబ్బతీసే మొక్కలు మరింత ప్రమాదకరమైనవి. 1950 దశకంలో జమైకా ద్వీపంలో పొట్ట ఉబ్బి, కాలేయం పెరిగి ఆస్పత్రికి వస్తున్న పిల్లలను పరీక్షించిన వైద్యులు, వారికి జలుబు చేసినప్పుడల్లా ఇళ్లలో కాచి పోసే ‘పొదల టీ’యే అందుకు కారణమని కనుగొన్నారు. ఆ టీలో వాడిన మొక్కల్లో క్రొటలేరియా ప్రజాతికి చెందినవి ముఖ్యమైనవి. వాటిలోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు కాలేయంలోని సూక్ష్మ రక్తనాళాలను క్రమంగా మూసివేస్తాయి.

ఆ మొక్క మనకు దూరపు చుట్టమేమీ కాదు. చేలగట్లపై పెరిగి, ఎండిన కాయలు గిలక్కాయల వలె మోగే గిలిగిచ్చ ఆ ప్రజాతిలోనిదే. జనుము కూడా ఆ ప్రజాతిదే. 1970 దశకంలో నాటి మధ్యప్రదేశ్‌లోని, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతంలో గిరిజనులు జలోదరంతో మరణిస్తుండగా హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ వ్యాధి మూలాన్ని పరిశోధించారు. సామల పంటలో కలిసిపోయిన క్రొటలేరియా గింజలే ఆ వ్యాధికి కారణమని తేలింది. ధాన్యంలో కలిసినా, టీలో కలిసినా కాలేయంపై దాని పని ఒక్కటే.

నల్లరేగడి చేలలో నేలబారుగా పెరిగే గాడిదగడపాకు, తీగగా పాకే ఈశ్వరి మరో కోవకు చెందినవి. ఇవి రెండూ అరిస్టోలోకియా ప్రజాతి మొక్కలు. నాటువైద్యంలో వీటికి చిరకాలంగా స్థానం ఉంది. వీటిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను కోలుకోలేనంతగా దెబ్బతీస్తుందని 1990 దశకం ఆరంభంలో బెల్జియంలో వెల్లడైంది. బరువు తగ్గేందుకు మూలికల మందు వాడిన మహిళలు వరుసగా కిడ్నీ వైఫల్యానికి గురికాగా, ఒక చైనా మూలికకు బదులు అరిస్టోలోకియా వచ్చి చేరినట్లు దర్యాప్తులో తేలింది. ఈ ప్రజాతి మొక్కలున్న మూలికా ఔషధాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో మానవులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ఏళ్ల తరువాత బయటపడే ఈ నష్టాన్ని, ఏనాడో తాగిన కషాయంతో ముడిపెట్టి చెప్పగల రోగులు అరుదు. వైద్యుడు పనిగట్టుకుని అడిగితే తప్ప ఆ మాట బయటకు రాదు.

ఎక్కడి ఆకు, ఎవరికి

మొక్క సరైనదే అయినా అది మొలిచిన చోటు సరైనది కాకపోవచ్చు. పత్తి, మిరప చేలగట్ల మీది ఆకుపై పురుగుమందుల తుంపర, కలుపు మందుల అవశేషం ఉంటాయి. కలుపు మందు చల్లిన రెండు మూడు రోజుల వరకు మొక్క పచ్చగానే కనిపిస్తుంది. రహదారుల అంచులు, మురుగు కాలువల గట్లు, కర్మాగారాల పరిసరాలు సేకరణకు ఎంతమాత్రం తగినవి కావు. కడిగితే దుమ్ము పోతుంది గాని, మొక్క వేళ్లతో పీల్చుకున్న లోహాలు పోవు.

గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, కాలేయ, మూత్రపిండ వ్యాధులు ఉన్నవారు అడవి మూలికల టీలకు దూరంగా ఉండడం శ్రేయస్కరం. మధుమేహానికి మాత్రలు వాడుతున్నవారు చక్కెర తగ్గించే మూలికలను దానికి తోడు చేస్తే చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోవచ్చు. రక్తం పలుచబడేందుకు మందులు వాడుతున్నవారు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు తాము తాగుతున్న ప్రతి కషాయం గురించి వైద్యునికి తప్పక చెప్పాలి. ‘మందులేమైనా వాడుతున్నారా’ అని అడిగితే చాలామంది లేదనే చెబుతారు. వారి దృష్టిలో అది మందు కాదు, టీ. ‘ఆకులు, వేర్లు ఏమైనా కాచుకుని తాగుతున్నారా’ అని విడిగా అడగడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు అలవరచుకోదగిన పద్ధతి.

అల్లం, శొంఠి, మిరియాలు, ధనియాలు, పెరటి తులసి, ఇంట పెంచుకున్న నిమ్మగడ్డి వంటివి మితంగా వాడుకుంటే ఆరోగ్యవంతులకు ఇబ్బంది లేదు. వాటిని అందరూ గుర్తుపట్టగలరు. టీ రుచి కోరేవారికి అడవి దాకా వెళ్లవలసిన పని లేదు.

సేకరణకు చట్టపరమైన హద్దులు కూడా ఉన్నాయి. అభయారణ్యాల నుంచి అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తులను తరలించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం. సంప్రదాయంగా సేకరిస్తున్న చిన్నతరహా అటవీ ఫలసాయంపై అడవి బిడ్డలకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం యాజమాన్య హక్కు కల్పించింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ ఫలసాయాన్ని వారి వద్ద కొనుగోలు చేస్తోంది. ఏ కాయ ఏ నెలలో కోయాలో, ఏ తీగను పోలిన తీగ ఏదో ఆ సేకర్తలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. నగరం నుంచి ఆదివారం విహారానికి వచ్చి సంచి నింపుకుపోయేవారికి ఆ పరిజ్ఞానం సంచితో పాటు రాదు.

అధికారులకు, పాత్రికేయులకు

మూలికల గురించి రాసే పాత్రికేయులు వాడుక పేరుతో పాటు శాస్త్రీయ నామాన్ని కూడా ఇవ్వడం మేలు. ఒక్క పేరు, ఒక్క ఛాయాచిత్రం ఆధారంగా పాఠకుడు ఆకు కోస్తాడు. ఆ ఛాయాచిత్రం వేరే మొక్కదైతే ఆ పొరపాటు మూల్యం పాఠకుడే చెల్లిస్తాడు. పోలిక మొక్కల బొమ్మను పక్కనే ముద్రించగలిగితే మరింత ప్రయోజనం. ‘దుష్ప్రభావాలు లేవు’ అనే వాక్యాన్ని ఎవరు చెప్పినా యథాతథంగా అచ్చువేయకపోవడం మంచిది. సందేహాస్పదమైన మొక్కల గుర్తింపు కోసం డిగ్రీ కళాశాలల వృక్షశాస్త్ర అధ్యాపకులను, హైదరాబాద్‌లోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కను ప్రాంతీయ కేంద్రాన్ని సంప్రదించవచ్చు. ఆయుష్ ఔషధాల వల్ల తలెత్తిన దుష్ప్రభావాల నమోదుకు న్యూఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ జాతీయ సమన్వయ కేంద్రంగా వ్యవహరిస్తోంది. అనుమానం ఉన్నప్పుడే నివేదించవచ్చు, రుజువు అయ్యే వరకు వేచి ఉండనక్కరలేదు.

ఆకు టీ తాగిన వ్యక్తి అస్వస్థతకు గురైతే ఉప్పునీరు, చింతపండు రసం పోసి వాంతి చేయించే ప్రయత్నం చేయరాదు. స్పృహ సరిగా లేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణాంతకం కాగలదు. 108 వాహనానికి ఫోన్ చేసి, తాగినది ఎంత, ఏ సమయానికి, ఎందరు తాగారు అన్న వివరాలు సిద్ధం చేసుకోవాలి. గిన్నెలో మిగిలిన కషాయాన్ని, ఉడికిన పిప్పిని పారబోయకూడదు. ఆ మొక్క కొమ్మను వీలైతే పువ్వు, కాయతో సహా కోసి కాగితంలో చుట్టి రోగితో పాటు పంపాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే ఆకు కుళ్లి గుర్తుపట్టడానికి వీలులేకుండా పోతుంది. మొక్క పేరు తెలియని స్థితిలో చికిత్స చేయవలసి వచ్చిన వైద్యులు న్యూఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోని జాతీయ విష సమాచార కేంద్రాన్ని 1800 116 117 టోల్ ఫ్రీ నంబరులో సంప్రదించవచ్చు.